అవ్వాతాతలకు ఆహ్వానం

బడిలో కొత్తగా చేరిన టీచరుకు, పాతవాళ్లెవరూ ముట్టుకోని పని ఒకటి మొదటి వారంలోనే అంటగడతారు. కాదనే ధైర్యం కొత్తవాళ్లకు ఉండదని వాళ్లకు తెలుసు. నాకు అంటగట్టింది వారం కాగితం. ఇరవై ఏళ్లు ఎయిడెడ్ బడిలో తెలుగు చెప్పి, ఆ బడి మూతపడ్డాక, ఈ వయసులో నన్నెవరు పిలుస్తారులే అనుకుంటుంటే కొత్త ఇంటర్నేషనల్ స్కూలు వాళ్లు పిలిచారు. అందుకని డైరెక్టరు శేషగిరిరావుగారు "మేడమ్ గారూ, వారం కాగితంలో తెలుగు మీదేనండీ" అనగానే రెండు చేతులా అందుకున్నాను. ఆ పని పదకొండేళ్లు చేశాను. అందులో ఒక్క వారం గురించి చెబితే చాలు, మిగతా ఉద్యోగమంతా మీకు అర్థమవుతుంది.

ఎవరూ చదవని వైపు

అవి తొంభైల చివరి రోజులు. హైటెక్ సిటీ గుండ్రటి మేడ ఒక్కటే కొత్తగా తళతళలాడుతుండేది. దాని చుట్టూ, దాని అవతలా అన్నీ బండలే. మధ్యాహ్నం పూట రోడ్ల కోసం ఆ బండలు పేల్చేవారు. మా కిటికీ అద్దాలు గడగడలాడేవి. నేను లింగంపల్లి స్టేషన్లో దిగి, బడి బస్సెక్కి, ఒళ్లంతా దుమ్ముతో క్లాసుకు చేరేదాన్ని. మా బడిలో ఇంటర్నేషనల్ ఏమిటయ్యా అంటే, గేటు పక్కన వరసగా పాతిన జెండాలూ, పై దేశాల నుంచి తిరిగొచ్చిన ఇంజనీర్ల పిల్లలూ. మిగతాదంతా పేరు గొప్ప ఊరు దిబ్బ. నీళ్ల ట్యాంకరు రాకపోతే ఆ పూట సెలవు.

వారం కాగితం ప్రతి సోమవారం పిల్లల చేతికిచ్చి ఇళ్లకు పంపేవాళ్లం. ఆ వారం ఏమేం జరగబోతున్నాయి, కిందటి వారం ఏం జరిగింది, పరుగు పందెంలో ఎవరు గెలిచారు, ఇవీ అందులో సంగతులు. ఒక వైపు ఇంగ్లీషులో కంప్యూటరు అచ్చు. వెనక వైపు తెలుగు. బడి కంప్యూటరుకు తెలుగు రాదు గనక అది నా చేతిరాత. శనివారం కూర్చుని రాసిస్తే జిరాక్స్ తీయించేవారు.

ఆ వెనక వైపు ఎవరి కోసం? బడి కట్టింది పక్క ఊరి భూముల్లో. ఆ ఊరివాళ్లకు మాటిచ్చిన ప్రకారం చీటీలు వేసి, ఎనిమిది మంది పిల్లలకు సీట్లిచ్చారు. ఆ ఎనిమిది ఇళ్ల కోసం తెలుగు. మిగతా ఇళ్లలో కాగితం తిప్పి కూడా చూడరు. తప్పు రాసినా పట్టుకునేవాళ్లు లేరు కదా అని నేను తెగ ధీమాగా ఉండేదాన్ని. ఎవరూ చదవరనుకున్న కాగితాన్నే ఎవరో ఒకరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారని అప్పటికి నాకు తెలియదు. కొత్తగా చేరే టీచర్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

ఆ వారం

ఆ వారం కార్యక్రమాలు బండెడు. సోమవారం మొక్కలు నాటడం. గొయ్యి తవ్వబోతే గడ్డపార వంగింది, మొక్క మాత్రం దిగలేదు. అంతా బండే. చివరికి మొక్కల్ని కుండీల్లో పెట్టి ఫొటో దిగాం.

మంగళవారం కొత్త కంప్యూటర్ గది ప్రారంభం. దుమ్ము పడకూడదని బూట్లు బయట విప్పమన్నారు. కార్యక్రమం అయ్యాక చూద్దును కదా, గుమ్మం ముందు అరవై జతల నల్ల బూట్లు కలగాపులగంగా పడున్నాయి. పిల్లలు ఒకటే ఏడుపు. అప్పుడు ఊడ్చే ఆయా వచ్చి చీపురు పక్కన పెట్టి, "ఇది నీది, గా లేసు తెగింది నీది" అంటూ పావుగంటలో ఎవరివి వాళ్లకు తొడిగేసింది. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. నేను చేరి ఆరు నెలలైంది. రోజుకు పదిసార్లు ఆమెను పిలిచేదాన్ని. ఆమె పేరు మాత్రం నాకు తెలియదు. బడిలో ఎవరికీ తెలియదు. ఆయా అంటే ఆయా, అంతే.

బుధవారం దేశదేశాల వంటలు. పన్నెండు దేశాల పేర్లు రాసిపెడితే పన్నెండు గిన్నెల్లోనూ నూడుల్సే వచ్చాయి, తొమ్మిదింటిలో కరివేపాకు పోపు. గురువారం రిహార్సల్. శుక్రవారం అసలు పండగ, మూడో తరగతి పిల్లల గ్రాండ్‌పేరెంట్స్ డే.

ఈ మాట దగ్గరే నేను బోల్తా పడ్డాను. కిందటి శనివారం కాగితం రాస్తున్నప్పుడు దానికి తెలుగేమిటా అని కాసేపు ఆలోచించాను. అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలు అని రాస్తే లైను చాలలేదు. మా నెల్లూరు వైపు అమ్మమ్మైనా నాయనమ్మైనా అవ్వే. ఇంకేం, టకటకా రాసేశాను.

"మూడో తరగతి పిల్లల అవ్వాతాతలకు ఆహ్వానం. ప్రతి బిడ్డా తన అవ్వనో తాతనో వేదిక మీదికి పిలిచి, వాళ్ల దగ్గర నేర్చుకున్న మంచి మాట ఒకటి చెప్పాలి. అవ్వలూ, మీరు తప్పకుండా రావాలి."

ఆ చివరి వాక్యం ఇంగ్లీషు వైపు లేదు. అది నా సొంత ఉత్సాహం.

గురువారం క్లాసు టీచరు వచ్చేవాళ్ల పేర్ల జాబితా తెచ్చిచ్చింది. సభ నడిపేది నేనే గనక చూసుకున్నాను. పక్క ఊరి సీట్లలో మూడో తరగతిలో ఉన్నది ఒక్క స్వప్న. ఆ పిల్ల పేరుకెదురుగా "అవ్వ, యాదమ్మ" అని ఉంది. బాగుంది, ఊరివాళ్లూ వస్తున్నారు అని సంతోషపడ్డాను.

ముందు వరస

శుక్రవారం హాలు నిండిపోయింది. పట్టుచీరలు, చేతికర్రలు, పౌడరు వాసనలు. బెజవాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, పిల్లల్ని చూడగానే సంచీలోంచి కజ్జికాయలు తీసి పంచడం మొదలుపెట్టింది. నేను మైకు సరిచేసుకుంటుంటే శేషగిరిరావుగారు పక్కకు వచ్చారు. ఆయన కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు.

"మేడమ్ గారూ, ఆయాని ముందు వరసలో ఎవరు కూర్చోబెట్టారండీ?"

చూశాను. నిజమే. కజ్జికాయల పెద్దావిడ పక్క కుర్చీలో మా ఆయా. ఎర్రంచు పసుపు చీర, తలలో పూలు, ఒళ్లో మడత పెట్టిన కాగితం. వీపు కుర్చీకి ఆనించకుండా కొసన కూర్చుంది.

"చైర్మన్ గారు వచ్చే వేళైందండీ. కాస్త చూడండి," అని ఆయన వెనక్కి వెళ్లారు.

నేను గబగబా దిగి ఆమె దగ్గర వంగాను. "ఏంది ఆయా, ఇక్కడ కూర్చున్నావు?"

ఆమె ఒళ్లో కాగితం విప్పింది. నా చేతిరాత. "మీరే పిల్సిండ్రు గద మేడం. అవ్వలు తప్పకుంట రావాలె అని రాసిండ్రు. మా పిల్ల సదివింది."

"మీ పిల్లెవరు?"

"స్వప్న. మూడో తరగతి."

"నువ్వు స్వప్నకు అవ్వవా? నీకంత వయసెక్కడిది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "అవ్వనే మేడం. కన్న అవ్వను. అవ్వంటే అమ్మనే గద."

ఈ ఊళ్లో అవ్వ అంటే తల్లి. పుట్టింటిని అవ్వగారిల్లు అంటారని నేను బస్సులో రోజూ వింటూనే ఉన్నాను. తెలుగు టీచర్ని! ఆ క్షణంలోనే ఇంకోటి కూడా తట్టింది. రెండు నెలల కిందట "మా అమ్మ" అనే అంశం మీద రాయమంటే స్వప్న "మా అవ్వ పొద్దుగాల్నే లేస్తది" అని మొదలుపెట్టి పేజీ నిండా రాసింది. అడిగింది అమ్మ గురించి, అవ్వ గురించి కాదు అని ఎర్ర సిరాతో రాసి సున్నా వేశాను. ఆ పిల్ల పుస్తకం మూసి తీసుకెళ్లింది. అప్పుడైనా ఒక్క మాట అడిగి ఉంటే!

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. దాచుకుంటే ఈ రాతకు అర్థం లేదు. వెనక నుంచి రావుగారు చూస్తున్నారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "కాసేపు ఆ తలుపు దగ్గర నిలబడు, నేను పిలుస్తాను," అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు. లేచి, తను కూర్చున్న కుర్చీని అలవాటు కొద్దీ కొంగుతో ఒకసారి తుడిచి, తలుపు పక్కకు వెళ్లి గోడకానుకుని నిలబడింది. అలా తుడవడం చూసి నాకు సిగ్గేసింది. అయినా వేదికెక్కి నవ్వు ముఖంతో స్వాగతం చెప్పాను. మనిషికి ఎన్ని ముఖాలుంటాయో!

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. ఒకడికి తాతయ్య చదరంగం నేర్పాడట. ఇంకో పిల్లకు నాయనమ్మ పద్యం నేర్పిందట. అన్నీ ఇంగ్లీషులో, అన్నీ బట్టీపట్టినవే. తరువాత పేరు స్వప్నది.

ఆ పిల్ల మైకు ముందుకు వచ్చి ముందు వరస వైపు చూసింది. కుర్చీ ఖాళీ. నా వైపు చూసింది. తరువాత తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర యాదమ్మ వద్దన్నట్టు చిన్నగా చెయ్యి ఊపింది. పిల్ల నోరు తెరవలేదు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. కూతురి ముందు ఆ తల్లి కుర్చీని ఖాళీ చేయించింది నేను. ఇక నా వల్ల కాలేదు. పోతే ఉద్యోగమే పోతుంది, పోనీ అనుకున్నాను.

"స్వప్నా, అవ్వను పిలువమ్మా," అన్నాను. మైకులో అందరికీ వినబడింది.

పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "అవ్వా!" అని అరిచింది. స్పీకర్లు కీచుమన్నాయి. "అవ్వా, ఇటు రా!"

యాదమ్మ నడిచి వచ్చింది. దారిలో ఒక పిల్లాడు "అరే, మన ఆయా!" అని ఎగిరి గంతేశాడు. బూట్లు పోగొట్టుకున్న అరవై మందిలో సగం మంది అక్కడే ఉన్నారు. వాళ్లకది వింతా కాదు, తక్కువా కాదు. చప్పట్లు వాళ్లే మొదలుపెట్టారు.

స్వప్న తల్లి చెయ్యి పట్టుకుని తెలుగులోనే చెప్పింది. "మా బాపు బండల కాడ పనికి పోతడు. బాంబు పేల్చే ముందు ఈల కొడ్తరు. ఈల ఇనబడితె ఉరుకొద్దు, ఏడున్నవో ఆడనే గోడకు ఒరిగి కూసొని చెవులు మూస్కోవాలె అని మా అవ్వ నేర్పింది. నాకు, మా తమ్మునికి, మా గల్లీల పోరగాండ్లందరికి."

రోజూ మా కిటికీలు గడగడలాడించే ఆ చప్పుడుకు అవతల మనుషులున్నారని మాలో ఎంతమందికి తోచింది? తల్లీకూతుళ్లు దిగి వస్తుంటే కజ్జికాయల పెద్దావిడ పక్క కుర్చీ మీద చేత్తో తట్టి, "ఇట్రామ్మా, ఇందాక లేచి ఎక్కడికి పోయావు? నీ చోటు నీదే," అంది. ఆ మాట అనవలసింది నేను.

సవరణ

సాయంత్రం రావుగారు గదికి పిలిచారు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు అప్పటికే అక్కడ నిలబడి, "సార్, ఆమెను వేరే సైటుకు మార్చేస్తా, రేపటి నుంచి ఇక్కడ కనబడదు," అంటున్నాడు.

రావుగారు అతని వైపు చూడకుండానే, "ఎక్కడికీ పంపకండి. పిల్ల ఇక్కడ చదువుతుంటే తల్లిని తీసుకెళ్లి ఎక్కడో పడేస్తారా? వెళ్లండి," అన్నారు. నేను ఆయన దగ్గర ఎన్నో తిట్లు తిన్నాను, కొన్ని అన్యాయంగా కూడా. ఆ ఒక్క మాట కోసం ఆయనకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

తరువాత నా వంతు. జరిగిందంతా చెప్పాను, కుర్చీ నుంచి లేపింది నేనేనని కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "లేపమన్నట్టు మాట్లాడింది నేనేలెండి. అది వదిలేయండి. ఇద్దరు తల్లులు ఫోన్ చేశారండీ. అమ్మలకు కూడా పిలుపు ఉంటే మాకెందుకు చెప్పలేదు అంటున్నారు. సోమవారం కాగితంలో సవరణ వేయండి. అవ్వ అనగా అమ్మమ్మ, నాయనమ్మ అని చదువుకోవలెను, పొరపాటుకు చింతిస్తున్నాము. రెండు లైన్లు చాలు."

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కాగితంలో తప్పు పడితే మరుసటి వారం దిద్దడం పద్ధతి. నేనే ఎన్నోసార్లు దిద్దాను. కానీ ఈ రెండు లైన్లు చదివేది ఎవరు? ఆ ఎనిమిది ఇళ్లే. స్వప్న వాటిని తల్లికి చదివి వినిపిస్తుంది. నిన్ను పిలవలేదు, పొరపాటున వచ్చావు అని కూతురి నోటితోనే ఆ తల్లికి చెప్పించినట్టవుతుంది. శనివారం పొద్దున కలం పట్టుకుని రాశాను, చింపాను, మళ్లీ రాశాను. కక్కలేక మింగలేక ఉన్నాను. చివరికి, ఆ సంగతేదో కాగితం కంటే ముందు నేనే ఆమెకు ముఖాముఖి చెప్పడం న్యాయం అనుకుని లేచాను.

ఆమె కంప్యూటర్ గది మెట్లు తడిగుడ్డతో తుడుస్తోంది. "యాదమ్మా," అన్నాను. ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. ఆమె తల ఎత్తింది. పక్క మెట్టు మీద కూర్చున్నాను.

"నిన్న నిన్ను లేపినందుకు క్షమించు. ఇంకోటి చెప్పాలి. ఆ కాగితంలో తప్పు పడింది. తప్పు నాదే. మా వైపు అవ్వ అంటే..."

"అమ్మమ్మ, నాయ్నమ్మ," అంది యాదమ్మ. "నాకెరుకనే మేడం."

"నీకెలా తెలుసు?" అన్నాను.

"మా పక్కింట్ల కిరాయికి మీ దిక్కామె ఉంటది. సభకు ముందునాడు, బేస్తారం నాడే చెప్పింది. మా దిక్కు అవ్వంటే ముసలామె, నిన్ను గాదేమో, జర అడిగి పో అన్నది. అడుగుదామనే అనుకున్న. అడిగితె మీరు కాదంటరు. అడగకపోతె కాయితం నా దిక్కే మాట్లాడ్తది." గుడ్డ పిండి బకెట్ అంచుకు వేసింది. "పిల్లకు సీటు వచ్చినప్పుడు నేనే చెప్పిన. బడిల నన్ను అవ్వా అనకు, అందరి తీరు ఆయా అను, లేకపోతె నీతోటి ఎవ్వలు ఆడరు అని. ఆరు నెల్లు గట్లనే పిలిచింది మేడం. కిందవడి మోకాలు పలిగినా నా దిక్కు జూసి ఆయా అనే ఏడ్చింది. ఇగ ఆ కాయితం తెచ్చి, అవ్వా నిన్ను పిలవమన్నరే అని సంబురంతోటి సదువుతుంటె, అది తప్పు బిడ్డా అని నేనెట్ల చెప్తా?"

నేను ఏడ్చేశాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆమె నా వైపు చూసి నవ్వింది.

"ఎందుకు పరేషాన్ అయితరు? ఏం దిద్దుకుంటరో దిద్దుకోండ్రి. పిలిచే పిలుపు పిల్ల పిలిచింది. అది ఎవ్వలు దిద్దలేరు."

తరువాత ఎన్నో బడి వార్షికోత్సవాలు చూశాను, ఎన్నో వందల వారం కాగితాలు రాశాను. రాయబోయే మాట ఎవరింట్లో ఏమని వినబడుతుందో ముందు అడిగి తెలుసుకోవడం అలవాటైంది. డ్రైవర్లను అడిగాను, వాచ్‌మన్‌ను అడిగాను, అందరికంటే ఎక్కువగా యాదమ్మను అడిగాను. నాకు తెలుగు వచ్చిందంటే అక్కడ వచ్చింది. అంతకు ముందు పాఠాలు చెప్పానంతే.

ఆ సోమవారం కాగితంలో సవరణ వేయలేదు. మధ్యాహ్నం రావుగారు కాగితం రెండు వైపులా తిప్పి చూసి, "ఏమండీ, ఆ రెండు లైన్లు ఏవీ?" అని అడిగారు.

"అక్కర్లేదండీ," అన్నాను. "చదివినవాళ్లకు సరిగ్గానే అర్థమైంది."